బిగుసుకుపోయిన పాత కుట్టు మిషన్: లక్షణం, కారణం, పరిష్కారం

పాత కుట్టు మిషన్లు సేకరించాలనే కోరిక పుట్టినవారు సంతకు వెళ్ళే ముందు బంధువుల ఇళ్ళ అటకలు చూడాలి. తర్వాత, దుకాణం ఎత్తేస్తున్న ముసలి దర్జీలను అడగాలి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మేరాత్ బజార్ ఆ తర్వాత. ఎక్కడికి వెళ్ళినా ఒకే మాట వినిపిస్తుంది: "పాడైపోయిందండీ, ఇనుము ధరకు తీసుకెళ్ళండి." ఆ మాట నమ్మవద్దు. పోత ఇనుముతో చేసిన ఆ యంత్రం అంత తేలిగ్గా పాడవదు. నా చేతికి వచ్చిన వాటిలో ఎక్కువ వాటికి ఉన్న జబ్బులు మూడే: ఎండిన నూనె, చిక్కుపడిన దారం, తప్పుగా పెట్టిన సూది.

చక్రం కదలడం లేదు

మొదట అనుమానించవలసింది నూనెను. మిషన్ ఆయిల్ అయిపోయినప్పుడు మన ఇళ్ళలో చేతికందిన కొబ్బరి నూనెనో ఆముదాన్నో పోసేవారు. ఆ పూటకు మిషన్ హాయిగా తిరిగేది. ఏళ్ళు గడిచేసరికి ఆ నూనె దుమ్ముతో కలిసి గోధుమ రంగు బంకగా మారి ఇరుసులను పట్టేస్తుంది. చూసినవాళ్ళు తుప్పు అనుకుంటారు. గోటితో గీకి చూడండి. పొరలా లేచి వస్తే అది బంక, ఎర్రటి పొడిగా రాలితే తుప్పు.

రెండో కారణం దారం. మా అమ్మమ్మ చేతిమిషన్‌ను అటక మీంచి దించినప్పుడు చక్రం రాయిలా ఉంది. నూనె పోశాను, ఎండలో పెట్టాను, కదల్లేదు. చివరికి అడుగు దారపు బాబిన్ కూర్చునే బాబిన్ కేస్ తీసి, పైదారాన్ని అడుగు దారంతో కలిపే షటిల్‌ను పట్టి ఉంచే వలయాన్ని విప్పితే లోపల వెంట్రుక మందాన చుట్టుకుపోయిన ఎర్ర దారం కనిపించింది. సూదిమొనతో ఒక్కో పోగూ లాగితే మూరెడు వచ్చింది. ఆ ఎర్ర దారంతో ఏ పరికిణీ అంచు కుడుతుండగా మిషన్ ఆగిపోయిందో చెప్పడానికి అమ్మమ్మ లేదు. ఆ దారాన్ని ఇప్పటికీ పారేయలేదు.

అందుకే ముందు షటిల్ భాగం విప్పి చూడండి, తర్వాతే నూనె సంగతి. దారం ఏమీ లేకపోతే మిషన్‌ను ఒక గంట ఎండలో ఉంచండి. బంక మెత్తబడుతుంది. తర్వాత నీడకు తెచ్చి, పొయ్యికి దూరంగా, గాలి ఆడే చోట పెట్టి, పైన కనిపించే ప్రతి నూనె రంధ్రంలో, ఇనుము ఇనుమును రాసుకునే ప్రతి చోటా రెండేసి చుక్కల కిరోసిన్ వేయండి. మిషన్‌ను వెనక్కి వాల్చి అడుగున ఉన్న ఇరుసులకూ వేయండి. ఎడమ చివర ఉన్న మూత విప్పితే సూది కడ్డీ కనిపిస్తుంది, అక్కడా వేయాలి. రాత్రంతా వదిలేయండి. పొద్దున చక్రాన్ని ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెంగా ఊపండి. వెంట్రుక వాసి కదిలినా చాలు, దారి దొరికినట్టే. మళ్ళీ చుక్కలు, మళ్ళీ ఒక రాత్రి. కొన్నిటికి వారం పడుతుంది. పట్టుకారుతో చక్రాన్ని మెలితిప్పడం, సుత్తితో తట్టడం మాత్రం వద్దు. పోత ఇనుము వంగదు, విరుగుతుంది. విరిగాక అతకడం కష్టం.

చక్రం తేలిగ్గా తిరిగాక పని అయిపోయిందని వదిలేయవద్దు. కిరోసిన్ బంకను కరిగిస్తుందే గాని ఇరుసును కాపాడదు. నల్లటి మడ్డి కారడం ఆగేవరకు తుడిచి, ప్రతి రంధ్రంలో అసలైన మిషన్ ఆయిల్ వేయాలి.

చక్రం తిరుగుతోంది, సూది కదలడం లేదు

ఇది కొనేవారికి అదృష్టం, ఎందుకంటే అమ్మేవారు దీన్ని పెద్ద జబ్బు అనుకుంటారు. బాబిన్‌కు దారం చుట్టేటప్పుడు సూది ఆగిపోవడం కోసం చక్రం మధ్యలో ఒక గుండ్రటి మర ఉంటుంది. అది వదులైతే చక్రం ఒంటరిగా తిరుగుతుంది. బిగించండి. ఎంత బిగించినా పట్టుకోకపోతే మర విప్పి, లోపలి వాషర్‌ను సగం చుట్టు తిప్పి పెట్టి మళ్ళీ బిగించండి. ఎవరో శుభ్రం చేసి వాషర్‌ను తిరగేసి పెట్టి ఉంటారు.

సూది దిగుతోంది, కుట్టు పడటం లేదు

కారణం నూటికి తొంభై పాళ్ళు సూదే. సూదికి ఒక పక్క పొడవైన గాడి, పైభాగంలో ఒక పక్క చదును ఉంటాయి. దారం గాడి ఉన్న వైపు నుంచే కంటిలోకి దూరాలి. మన ఇళ్ళలో కనిపించే ఉష, మెరిట్ వంటి నల్ల మిషన్లు సింగర్ 15 నమూనాలోనివి. వాటిలో చదును ఎడమకు ఉంటుంది, దారం కుడి నుంచి ఎడమకు ఎక్కుతుంది. సింగర్ 66, దాని చిన్న చెల్లెలు 99 దీనికి సరిగ్గా వ్యతిరేకం: చదును కుడికి, దారం ఎడమ నుంచి కుడికి. ఉష మిషన్ మీద చేయి తిరిగినవారు 66 కొనుక్కొని అలవాటు ప్రకారం దారం ఎక్కిస్తారు. ఒక్క కుట్టూ పడదు. నిక్షేపంలాంటి మిషన్‌ను పాడైందని తిరిగి అమ్మేస్తారు. బాబిన్ సూది పలక పక్కన పైనుంచి పడుకోబెట్టేలా ఉంటే అది 66 కుటుంబం అని అనుమానించండి.

వయొలిన్ ఆకారపు పీట ఉన్న సింగర్ 12 దొరికితే కొనే ముందే ఆలోచించాలి. 1865లో వచ్చిన ఈ నమూనాకు ఈనాటి సూది సరిపోదు, దాని సూదులు దుర్లభం. సూది లేకుండా వస్తే అలంకారానికి కొంటున్నానని తెలిసే కొనండి.

అడుగున దారం ఉండలు కడుతోంది

అడుగున ఉండలు కనిపిస్తే అడుగు దారాన్ని తిట్టుకుంటాం. లోపం పైదారానిది. పైదారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ పళ్ళేల మధ్య దారం సరిగా కూర్చోలేదు, లేదా వాటి మధ్య తుప్పు, పీచు పేరుకుంది. బట్టను అదిమిపట్టే పాదాన్ని పైకెత్తితే పళ్ళేలు విడిపోతాయి. అప్పుడు మడిచిన గుడ్డముక్కను వాటి మధ్య లాగి తుడిచి, పాదం ఎత్తి ఉంచే దారం ఎక్కించండి. బట్ట ముందుకు జరగకపోతే సూది పలక విప్పి, బట్టను జరిపే పళ్ళ మధ్య బిగుసుకున్న పీచును తీయండి. కాలిమిషన్‌లో చక్రం జారుతుంటే తోలు బెల్టు సాగింది. కొక్కెం విప్పి అంగుళంలో సగం కోసి మళ్ళీ తగిలించండి.

తుడుస్తుంటే బంగారు బొమ్మలు చెరిగిపోతున్నాయి

వెంటనే ఆపండి. పాత సింగర్‌ల మీది బంగారు అచ్చుబొమ్మలను లక్క వార్నిష్ పొర కాపాడుతుంది. స్పిరిట్ తగిలితే ఆ పొర కరుగుతుంది. ఇత్తడి సామాను తోమే పాలిష్ తగిలితే అరుగుతుంది. ముందు నలుపు తెల్లబారుతుంది, తర్వాత బంగారం వెండిలా మారుతుంది, చివరికి గుడ్డకు అంటుకుపోతుంది. పోయిన బొమ్మ తిరిగి రాదు. మెత్తని నూలుగుడ్డకు మిషన్ ఆయిల్ అద్ది, ఓపికగా, అదమకుండా తుడవడమే పద్ధతి. సన్నని స్టీల్ పీచు సూది పలకకూ, చక్రం అంచుకూ మాత్రమే.

"ఇది 1851 నాటిది" అంటున్నారు

కారణం మెడ దగ్గర ఉన్న ఇత్తడి బిళ్ళ. సింగర్ సంస్థ నూరేళ్ళు పూర్తయిన సందర్భంగా అంచున 1851–1951 అని ఉన్న బిళ్ళలు వేసింది. అంటే ఆ మిషన్ 1951 ప్రాంతానిది, వందేళ్ళు పెద్దది కాదు. వయసు తెలుసుకోవడానికి పీట కుడి వైపు చెక్కిన నంబరు చూడండి. ముందు ఆంగ్ల అక్షరం లేకుండా ఒట్టి అంకెలే ఉంటే 1900కు ముందుది. వై అక్షరంతో మొదలైతే 1921, 1935 మధ్య స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో ఉన్న కిల్‌బోవీ కర్మాగారంలో తయారైంది. నమూనా సంఖ్య చివర ఉండే కె అక్షరం కూడా ఆ కిల్‌బోవీ కర్మాగారానికే గుర్తు. నంబరు పలక గీకేసి ఉంటే నేను కొనను.

ఉష మిషన్ల మీద చిన్నచూపు కూడా వద్దు. 1930ల మధ్యలో కలకత్తాలో జే ఇంజినీరింగ్ వర్క్స్ మన దేశంలో కుట్టు మిషన్లు తయారు చేయడం మొదలుపెట్టింది. ఆ తొలి తరం ఉషలను ఇప్పుడే దాచిపెట్టాలి. అందరూ సింగర్ వెంట పడుతున్నందువల్ల అవే ముందు ఇనుము కొట్టుకు పోతున్నాయి.

ధర లక్షల్లో చెబుతున్నారు

కారణం ఎర్ర పాదరసం అనే, ఎంతో విలువైనదని చెప్పుకునే కల్పిత పదార్థం గురించిన వదంతి. 2009లో సౌదీ అరేబియాలో పాత సింగర్ మిషన్లలో ఈ పదార్థం ఉందని పుకారు పుట్టి ధరలు చుక్కలంటాయి. ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోను దగ్గర పెట్టి ఏదో మహిమ చూపిస్తామంటారు. కుట్టు మిషన్‌లో పాదరసం పోసే చోటే లేదు. సూది కడ్డీ ఉక్కు, పీట పోత ఇనుము. అలాంటి బేరం దగ్గర నుంచి లేచి వచ్చేయండి. అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి.

అన్నీ బాగున్నాయి, షటిల్ లేదు

సింగర్ 27, 28 రకాలలో షటిల్ తుపాకీ గుండు ఆకారంలో ఉంటుంది, చేతిలోకి జారిపోయేంత చిన్నది. మిషన్ చేతులు మారినప్పుడల్లా ముందుగా పోయేది అదే. డబ్బు లెక్కపెట్టే ముందు జారుడు పలక తీసి లోపల వేలు పెట్టి చూడండి. షటిల్ లేకపోతే విడిగా కొనుక్కోవలసిన ఖర్చు ధరలో తగ్గించమనండి. చెక్క పెట్టె ఉంటే దాని అడుగు కూడా వెతకండి. రెండుసార్లు నాకు షటిల్ అక్కడే, పాత గుండీల మధ్య దొరికింది.