మైలాపూర్‌లో కొలువు బొమ్మలు కొనబోయే ముందు

చెన్నైలో కొలువు బొమ్మలకు మైలాపూర్ ఉత్తర మాడ వీధి పెట్టింది పేరు. నలుగురు స్నేహితులు కలిసి వెళ్తే అక్కడ బేరం బాగానే కుదురుతుంది, బొమ్మలూ అంత బాగానే విరుగుతాయి.

నవరాత్రులకు ముందు రోజు వచ్చే మహాలయ అమావాస్యకు పది రోజులన్నా ముందుగా, సెలవు కాని రోజు, పొద్దున పూట వెళ్లండి. కారు వద్దు. తిరుమయిలై స్టేషన్‌లో దిగి నడవచ్చు. బయల్దేరే ముందు ఇంట్లో కొలువు మెట్టు వెడల్పు, మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎత్తు కొలిచి ఫోన్‌లో రాసుకోండి. మెట్టు వెడల్పు 8 అంగుళాలైతే బొమ్మ పీఠం 7 దాటకూడదు.

నచ్చిన బొమ్మను తిరగేసి అడుగు చూడండి. రంగు పడనిచోట ఎర్రగా ఉంటే మట్టి. గోటితో గీరినప్పుడు తెల్లపొడి రాలితే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. పరిమాణానికి మించి తేలిగ్గా ఉంటే కాగితపు గుజ్జు. "కాగిదక్ కూళా, కళిమణ్ణా?" (కాగితపు గుజ్జా, బంకమట్టా?) అని తమిళంలో అమ్మేవాళ్లనే అడగండి. పిల్లలున్న ఇంటికి ధర ఎక్కువైనా గుజ్జు బొమ్మే నయం. మట్టిదైతే వేలి కణుపుతో తట్టండి: బాగా కాలినది ఖంగుమంటుంది, బీట ఉన్నది బొంగురుగా పలుకుతుంది. మెడ, వేళ్లు, ఆయుధాలు, కిరీటం అంచు ముందుగా విరిగే చోట్లు. అక్కడ కొత్త రంగు మందంగా కనబడితే అతుకు పెట్టారేమో అనుమానించాలి.

దశావతారాల్లాంటి సెట్టును డబ్బు ఇవ్వకముందే వరసగా నిలబెట్టించండి. విరిగినదాని బదులు వేరే అచ్చులో పోసిన బొమ్మ కలిస్తే ఎత్తులోనో కళ్ల గీతలోనో తేడా తెలుస్తుంది.

పని పంచుకోండి: బేరానికి ఒకరు, డబ్బుకు ఒకరు, కొన్నవాటి దగ్గర కదలకుండా ఒకరు. అందరూ ఒకే దుకాణంలో కొంటేనే తగ్గింపు అడగడానికి నోరు లేస్తుంది. రద్దీలో ఫోన్ చెల్లింపు ఆగిపోవచ్చు, వంద రూపాయల నోట్లు ఉంచుకోండి. చేయిజారితే ఖర్చు ఎవరిదో ముందే అనుకోవడం స్నేహానికి మంచిది.

రంగు పూర్తిగా ఆరని బొమ్మకు వార్తాపత్రిక చుడితే అక్షరాలు దాని ముఖాన దిగుతాయి. ముందు పాత నూలు పంచె ముక్క, ఆపైన కాగితం. నీటి రంగు వేసినవి వానకు నిలవవు, పెద్ద ప్లాస్టిక్ కవరు తప్పనిసరి. ఇంటికి చేరిన రాత్రే మూటలు విప్పేయండి, కవర్లో చెమ్మ పడితే రంగు అంటుకుపోతుంది.