పాత వర్క్‌స్టేషన్ ప్రాసెసరా, కొత్త డెస్క్‌టాప్ ప్రాసెసరా? (మన కంప్యూటర్ మనమే ఎంచుకుందాం: మూడో పాఠం)

పోయిన పాఠంలో కోర్, థ్రెడ్, గిగాహెర్ట్జ్, క్యాష్ అంటే ఏమిటో చూశాం. కోర్ అంటే చిప్‌లో లెక్కలు చేసే ఒక్కో పనివాడు, థ్రెడ్ అంటే కోర్ ఒకేసారి చేపట్టే పని వరస, క్యాష్ అంటే చిప్‌లోనే ఉండే వేగమైన చిన్న మెమరీ. చివర్లో ఒక పని అప్పజెప్పాను: రోజూ కంప్యూటర్ ముందు మిమ్మల్ని ఎక్కువసేపు ఊరికే కూర్చోబెట్టే పని ఏదో కాగితం మీద రాసి పెట్టుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఈ పాఠమంతా దాని మీదే నడుస్తుంది.

పెద్ద కంపెనీలు కొన్నేళ్లు వాడి తీసేసిన వర్క్‌స్టేషన్లు (బరువైన పనుల కోసం కట్టిన కంప్యూటర్లు) హైదరాబాద్ మీదుగా మన హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ దాకా వస్తున్నాయి. హెచ్‌పీ జెడ్440, డెల్ ప్రెసిషన్ టీ5810, లెనోవో థింక్‌స్టేషన్ పీ500, ఇట్లాంటివి. గట్టి ఇనుప డబ్బా, పెద్ద పవర్ సప్లై, లోపల జియాన్ ప్రాసెసర్ (సర్వర్లు, వర్క్‌స్టేషన్ల కోసం ఇంటెల్ చేసే వరుస). అదే డబ్బుకు ఇంటెల్ మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్ కొత్త ఐ5 పెట్టి కంప్యూటర్ కట్టించుకోవచ్చు. దేనికి పెట్టాలి? ఆ నిర్ణయం మీరే తీసుకోగలగాలి, ఈ పాఠం లక్ష్యం అదే.

రెండు చిప్‌లను పక్కపక్కన పెట్టి నేర్చుకుందాం. మొదటిది ఇంటెల్ జియాన్ ఈ5-2680 వీ4. 2016లో వచ్చింది. 14 కోర్లు, 28 థ్రెడ్లు, 35 మెగాబైట్ల క్యాష్, 120 వాట్లు. ఒకటి రెండు కోర్లే పని చేస్తున్నప్పుడు 3.3 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, అన్నీ పని చేస్తుంటే 2.9 దగ్గర ఆగుతుంది. రెండోది కోర్ ఐ5-12400. 2022 జనవరిలో వచ్చింది. 6 కోర్లు, 12 థ్రెడ్లు, 18 మెగాబైట్ల క్యాష్. మామూలుగా 65 వాట్లు అంటారు గానీ, గట్టిగా పని చేసేటప్పుడు 117 వాట్ల దాకా తీసుకునేందుకు ఇంటెల్ అనుమతించింది. ఒక్క కోర్ మీద 4.4, అన్ని కోర్ల మీద 4.0 గిగాహెర్ట్జ్.

14 ఎక్కడ, 6 ఎక్కడ అనిపిస్తుంది. కానీ గిగాహెర్ట్జ్ అనేది క్షణానికి ఎన్ని అడుగులు వేస్తుందో చెప్తుంది, ఒక్కో అడుగు ఎంత పెద్దదో చెప్పదు. ఆరేళ్లలో ఆ అడుగు చాలా పెద్దదైంది. అందుకే ఒక్క కోర్‌ను ఒక్క కోర్‌తో పోలిస్తే కొత్తది పాతదానికి దాదాపు రెట్టింపు వేగం. అన్ని కోర్లనూ నింపే పరీక్ష పెడితే 14 కోర్ల పాతదీ, 6 కోర్ల కొత్తదీ ఇంచుమించు పక్కపక్కనే వచ్చి నిలుస్తాయి. ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలు, ‘28 థ్రెడ్లు సార్’ అనే మాటకు మీరు తొందరపడరు.

ఇప్పుడు కాగితం, పెన్ను తీయండి. జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పిన సూత్రం ఒకటుంది. ఏ పనిలోనైనా కోర్లకు పంచగలిగే భాగం కొంత, పంచలేని భాగం కొంత ఉంటాయి. పంచలేనిది ఒక్క కోరే చెయ్యాలి, మిగతావి ఖాళీగా ఉండాల్సిందే.

కొత్త చిప్‌లో ఒక్క కోర్‌కు 100 నిమిషాలు పట్టే పని ఉందనుకోండి. అందులో 60 నిమిషాల పని పంచుకోదగ్గది, 40 నిమిషాలది పంచలేనిది. కొత్త చిప్‌లో ఆ 60ని ఆరు కోర్లు పంచుకుంటే 10 నిమిషాలు. 40తో కలిపి 50 నిమిషాల్లో అయిపోయింది. పాత చిప్‌లో కోర్ వేగం సగమే కాబట్టి పంచలేని 40 కాస్తా 80 అవుతుంది. పంచే 60 కాస్తా 120 అయి, 14 మందికి పంచితే తొమ్మిది నిమిషాల లోపే తేలిపోతుంది. మొత్తం దాదాపు 89 నిమిషాలు. కోర్లు రెట్టింపు కన్నా ఎక్కువున్నా పని ఆలస్యంగానే అయింది.

పంచే భాగాన్ని 95 చేయండి. కొత్తదానికి సుమారు 21 నిమిషాలు, పాతదానికి సుమారు 24. ఇంకా కొత్తదే ముందుంది. 99 చేస్తేనే తిరగబడుతుంది: కొత్తదానికి పదిహేడున్నర, పాతదానికి పదహారు చిల్లర. ఈ లెక్కను ఒకసారి మీ చేత్తో వేయండి, చదివి వదిలేయకండి. అసలు యంత్రాల్లో మెమరీ, చల్లదనం లాంటివి కలిసి అంకెలు కొంచెం అటూఇటూ అవుతాయి, కానీ పాతది ముందుకొచ్చే గీత ఎక్కడుందో మాత్రం ఈ లెక్క సరిగ్గానే చూపిస్తుంది. చాలామంది ఊహించే చోటికి అది చాలా అవతల ఉంటుంది.

మీ పనిలో పంచే భాగం ఎంతో ఎట్ల తెలుస్తుంది?

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్ అనే చోట సీపీయూ ఎంచుకుని, గ్రాఫ్ మీద కుడి క్లిక్ కొట్టి, లాజికల్ ప్రాసెసర్లు చూపించమనండి. ఒక్కో థ్రెడ్‌కు ఒక్కో చిన్న గడి కనిపిస్తుంది. ఇప్పుడు మీ కాగితం మీది పని మొదలుపెట్టి చూస్తూ కూర్చోండి.

ఇక్కడో చిక్కుంది. ఒక్క థ్రెడ్‌తో నడిచే పనిని కూడా విండోస్ ఒకే గడిలో ఉంచదు, క్షణక్షణానికి ఒక కోర్ మీది నుంచి ఇంకోదాని మీదికి మారుస్తుంది. గడులన్నీ తలా కొంచెం పైకి లేస్తాయి. చూసినవాళ్లు ‘అన్ని కోర్లూ వాడుతోంది’ అనుకుంటారు. కాబట్టి మొత్తం శాతం కూడా చూడాలి. మీది 8 థ్రెడ్ల కంప్యూటర్ అయితే, ఒక్క థ్రెడ్ నిండా పని చేసినప్పుడు మొత్తం శాతం పన్నెండున్నర దగ్గర ఉంటుంది. 12 థ్రెడ్లదైతే 8 దాటి కొంచెం. పని నడుస్తున్నంతసేపూ అంకె అక్కడక్కడే తిరుగుతుంటే అది ఒక్క కోర్ పని అన్నట్టే, ఎన్ని కోర్లు కొన్నా మీ ఎదురుచూపు తగ్గదు. 95 దాటి అక్కడే నిలబడితే అది కోర్లు నింపే పని. మధ్యలో పైకీ కిందికీ ఊగుతుంటే ఇందాకటి 60, 40 లెక్క లాంటిది.

పనిలో పనిగా డిస్క్ గ్రాఫ్ కూడా చూడండి. అది 100 దగ్గర ఇరుక్కుని, సీపీయూ ఖాళీగా ఉంటే ప్రాసెసర్ జోలికే పోవద్దు. ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి.

ఇళ్ల ప్లాన్లు గీసేవాళ్లకు ఇక్కడే జవాబు దొరికిపోతుంది. ఆటోక్యాడ్‌లో గీయడం, జరపడం, రీజెన్ (బొమ్మను తెర మీద మళ్లీ గీయించే ఆదేశం) కొట్టడం చాలా వరకు ఒక్క కోర్ మీదే నడుస్తాయి. కొత్త ఐ5 తీసుకోండి. డీటీపీకి, ఫ్లెక్సీ డిజైన్లకు కూడా నా మాట అదే.

పెండ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవాళ్ల సంగతి కొంచెం లోతుగా చూడాలి, ఎందుకంటే ఎక్కువగా అడిగేదీ వాళ్లే, ఎక్కువగా తప్పుదారి పట్టేదీ వాళ్లే. నయీంనగర్‌లో స్టూడియో నడిపే తమ్ముడొకాయన అడిగాడు: “అన్నా, పద్నాలుగు కోర్లది ఇదే రేటుకు వస్తుంటే ఆరు కోర్లది ఎందుకు తీసుకోవాలె?”

“ముందు నీ కెమెరా ఏ ఫార్మాట్‌లో రికార్డు చేస్తుందో చెప్పు తమ్మీ” అన్నాను.

ఆ ప్రశ్నకు కారణం ఉంది. ఇప్పటి కెమెరాలు చాలా వరకు హెచ్.265 అనే వీడియో కుదింపు పద్ధతిలో, 10 బిట్, 4:2:2 రంగుతో (అంటే రంగుల వివరం ఎక్కువగా ఉంచి) రికార్డు చేస్తున్నాయి. ఆ ఫైలును టైమ్‌లైన్ మీద అటూ ఇటూ జరుపుతుంటే ప్రతి ఫ్రేమును అప్పటికప్పుడు విప్పాలి. ఐ5-12400లో ఉన్న యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్‌లో దీనికోసమే విడిగా సర్క్యూట్ ఉంది, క్విక్ సింక్ అంటారు. కోర్ల మీద భారం పడకుండా అది విప్పి పెడుతుంది. జియాన్ ఈ5 వరుసలో గ్రాఫిక్సే లేదు. విడిగా కార్డు పెడదామంటే ఎన్విడియా కార్డుల్లో 4:2:2 విప్పే సౌకర్యం ఆర్‌టీఎక్స్ 50 వరుసతోనే వచ్చింది. అంతకుముందు వరుసల కార్డు ఉన్నా ఈ భారమంతా ఆ పాత కోర్ల మీదే పడుతుంది, టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తుంది. మన దగ్గర ఎక్కువ మంది వాడే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎడియస్ కూడా హెచ్.264 ఎక్స్‌పోర్టుకు ఎన్నో ఏళ్లుగా క్విక్ సింక్‌ను వాడుకుంటోంది.

అందుకే ఈ పనికి జియాన్ వద్దని గట్టిగా చెప్తాను. ఇంకో జాగ్రత్త: బిల్లులో 12400 అని ఉందో, 12400ఎఫ్ అని ఉందో చూసుకోండి. ఎఫ్ ఉన్నదాంట్లో ఆ గ్రాఫిక్స్ పని చేయదు. కొంత తక్కువకు వస్తుందని అది పట్టుకొస్తే, ఏ గుణం కోసం ఈ చిప్ ఎంచుకున్నామో అదే పోతుంది.

మరి పాత వర్క్‌స్టేషన్ ఎవరికి? కాకతీయ యూనివర్సిటీలో చదువుతూ నెట్‌వర్కింగ్, సర్వర్లు నేర్చుకుంటున్న పిల్లల్ని చూడండి. ఒకే కంప్యూటర్‌లో ఆరేడు వర్చువల్ మెషీన్లు (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) ఒకేసారి నడపాలి. ఒక్కోదానికి రెండు కోర్లు, 8 గిగాబైట్ల మెమరీ ఇస్తే ఐ5లోని ఆరు కోర్లకు ఇరుకవుతుంది. అక్కడ వేగం కన్నా చోటు ముఖ్యం. జెడ్440లో ర్యామ్ స్లాట్లు ఎనిమిది. 8 గిగాబైట్ల సర్వర్ ర్యాములు ఎనిమిది పెడితే 64 అయింది. 3డీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో సైకిల్స్ అనే రెండరింగ్ ఇంజిన్‌తో సీపీయూ మీదే రెండర్ చేసేవాళ్లకు, లినక్స్ మీద రాత్రంతా సిమ్యులేషన్లు నడిపేవాళ్లకు కూడా ఇది పనికొస్తుంది. రెండు గ్రాఫిక్స్ కార్డులు పెట్టుకోవాలన్నా జియాన్‌లో పీసీఐ లేన్లు (కార్డులకు డేటా నడిచే దారులు) 40, ఐ5లో 20 మాత్రమే.

పాతదే మీకు సరైనదని తేలిందా? అయితే డబ్బులు ఇచ్చే ముందు మూత తీయించండి. మొదట ర్యామ్ స్టిక్కర్ చదవండి. ‘పీసీ4-2400టీ-ఆర్’ అన్నట్టు చివర ఆర్ ఉంటే అది రిజిస్టర్డ్ ర్యామ్, మామూలు డెస్క్‌టాప్ బోర్డుల్లో పని చేయదు. రేపు ఐ5కు మారితే ఈ ర్యామ్ వెంట రాదు. చివర యూ ఉంటే మామూలుది. తర్వాత ఎన్ని ముక్కలున్నాయో లెక్కపెట్టండి. ఈ జియాన్‌కు నాలుగు మెమరీ దారులున్నాయి. నాలుగింట్లోనూ ర్యామ్ ఉంటే సెకనుకు 76.8 గిగాబైట్లు, ఒకే పెద్ద ముక్క పెట్టి ఇస్తే 19.2 మాత్రమే. ‘32 జీబీ’ అని చెప్పి ఒకటే ముక్క పెట్టి అమ్మడం మామూలే. నాలుగు ఎనిమిదులు అడగండి.

చిప్ మీద రాత కూడా చూడగలిగితే మంచిది. అమ్మకానికి తయారైన ఈ5 చిప్ కోడ్ ‘ఎస్‌ఆర్’తో మొదలవుతుంది. ‘క్యూ’తో మొదలై, ఇంటెల్ కాన్ఫిడెన్షియల్ అని ఉంటే అది పరీక్షల కోసం తయారుచేసిన నమూనా. వదిలేయండి. ఈ5 వెనకాల వీ3 గానీ వీ4 గానీ లేకపోతే దానికి ఏవీఎక్స్2 ఆదేశాలు తెలియవు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో కొన్ని అవి లేకుండా తెరుచుకోనే తెరుచుకోవు. పవర్ సప్లై కూడా ఈ కంపెనీ డబ్బాల్లో సొంత ఆకారంలో ఉంటుంది, పాడైతే పక్క షాపులో దొరికేది పట్టదు.

విండోస్ సంగతి ఒక్క మాటలో చెప్తాను. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారిక జాబితాలో ఈ5 వీ4 లేదు. లినక్స్ వాడేవాళ్లకు ఈ బాధ లేదు.

కరెంటు లెక్క మాత్రం ఎవరికి వాళ్లు వేసుకోవాల్సిందే. రెండు కంప్యూటర్లకు పని మీద 100 వాట్ల తేడా ఉందనుకుందాం. రోజుకు 8 గంటలు, నెలకు 25 రోజులైతే 20 యూనిట్లు, ఏడాదికి 240. ఎన్‌పీడీసీఎల్ బిల్లు తీసి మీకు పడుతున్న చివరి శ్లాబ్ రేటుతో గుణించండి. షాపు మీటరైతే రేటు వేరు. మూడేళ్లు వాడతారనుకుంటే ఆ మొత్తాన్ని మూడింతలు చేసి పాతదాని ధరకు కలపండి. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే. జియాన్, పెద్ద గ్రాఫిక్స్ కార్డు కలిసి గట్టిగా పని చేస్తున్నప్పుడు కరెంటు పోతే అది నిలబడదు. మే నెలలో రామగుండం వైపు రేకుల షెడ్డులో షాపు నడిపేవాళ్లు ఆ 100 వాట్లూ వేడిగా అదే గదిలోకి వస్తాయని కూడా గుర్తుంచుకోవాలి.

ఈ వారం చేయాల్సింది: మీ కాగితం మీది పనిని మొదలునుంచి చివరిదాకా ఒకసారి నడపండి. అర నిమిషానికోసారి టాస్క్ మేనేజర్‌లో సీపీయూ మొత్తం శాతం, డిస్క్ శాతం రాసుకోండి. పంచే భాగం 60 దగ్గరుందా, 95 దగ్గరుందా, 99 దగ్గరుందా అంచనా వేసి, పైన చూపించిన లెక్క మీ పనికి వేయండి. రెండు చిప్‌లకూ వచ్చిన నిమిషాలు, కింద కరెంటు లెక్క రాసిన ఆ కాగితాన్ని నాలుగో పాఠం దాకా దాచండి. బోర్డు, ర్యామ్ ఎంచుకోవడం అక్కడినుంచి మొదలుపెడతాం.