వాయిదా పడిన పనిని ఎత్తుకోవడం, ఒడ్డుకు చేర్చడం

విజయనగరంలో దసరా, ఆ వెంటే వచ్చే పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర దగ్గరపడితే తరచూ వినబడే మాట: "సిరిమాను వెళ్ళనీ, అప్పుడు మొదలెడదాం." సిరిమాను వెళ్తుంది. దీపావళి వస్తుంది, కార్తీకం వస్తుంది, చూస్తుండగానే సంక్రాంతి. పని మాత్రం పెట్టె అడుగున కాగితాల్లా ఉన్నచోటే ఉంటుంది.

ఇలా వాయిదా వేసేవాళ్లను ఇంట్లో బద్ధకస్తులంటారు. చాలాసార్లు అది అన్యాయం. బద్ధకస్తుడికి పని గుర్తే రాదు. వాయిదా వేసేవాడికి రోజూ గుర్తొస్తుంది, గుర్తొచ్చినప్పుడల్లా కడుపులో తిప్పినట్టవుతుంది. ఆ ఇబ్బంది తప్పించుకోడానికే ఫోన్ అందుకుంటాడు. వాయిదాకు అసలు మూలం ఈ తప్పించుకోవడమేనని సైకాలజీ పరిశోధకులు ఫ్యూషియా సిరోయిస్, టిమ్ పైచిల్ 2013లో వివరించారు. అందుకే "మూడ్ వచ్చాక చేద్దాం" అంటే కుదరదు. చేయి కాస్త ఆడాకే మూడ్ వస్తుంది. కాబట్టి మన ప్రయత్నమంతా మొదటి పది నిమిషాలను తేలిక చేయడం మీద పెట్టాలి.

ఒక పని తీసుకుందాం. తండ్రి పోయి నాలుగేళ్లయింది, పొలం ఇంకా ఆయన పేరు మీదే ఉంది. "మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) చేయించాలి" అని క్యాలెండర్ మీద రాసుకుంటే ఏడాదంతా అక్కడే ఉంటుంది, ఎందుకంటే ఆ మాటలో చేత్తో చేసే పనేదీ లేదు. దాని వెనక మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పాత పాసుపుస్తకం, అన్నదమ్ముల ఒప్పుదల, దరఖాస్తు, విచారణ ఉన్నాయి. అంత మూటను ఒక్క మాటగా నెత్తికెత్తుకుంటే ఎవరికైనా కాళ్లాడవు.

మొదటి అడుగు ఇలా రాయండి: "పెట్టెలోంచి పాత పాసుపుస్తకం తీసి, సర్వే నంబర్లు, విస్తీర్ణం తెల్లకాగితం మీద ఎక్కించడం." రాసింది సరిగ్గా ఉందో లేదో తెలుసుకోడానికి ఒక పరీక్ష ఉంది. పదేళ్ల పిల్లాడికి చదివి వినిపిస్తే, ఎక్కడికి వెళ్లి ఏం పట్టుకోవాలో వాడికి తెలియాలి. "చూడాలి", "కనుక్కోవాలి", "ప్రిపేర్ అవ్వాలి" అని ముగిసేవి ఈ పరీక్షలో తప్పుతాయి. "కనుక్కోవాలి" ఉన్నచోట "ఊరి సచివాలయంలో ఏయే కాగితాలు కావాలో అడిగి రాసుకురావడం" అని రాయండి. టీచరు ఉద్యోగానికి డీఎస్సీ పరీక్షకు చదివేవాళ్లు "మెథడాలజీ పూర్తి చేయాలి" కొట్టేసి, "మూడో చాప్టర్ తెరిచి హెడ్డింగులు నోట్సులోకి ఎక్కించడం" అని రాసుకోవాలి.

తర్వాత ఆ అడుగును రోజూ తప్పక జరిగే ఏదో ఒక పనికి ముడి వేయండి. "ఇది జరగగానే అది చేస్తాను" అని ముందే తేల్చుకున్నవాళ్లు ఆ పని చేసే అవకాశం ఎక్కువని సైకాలజిస్టు పీటర్ గోల్‌విట్జర్ 1999లో రాసిన వ్యాసం ప్రసిద్ధం. గడియారాన్ని నమ్ముకుంటే బస్సు ఆలస్యమైనా, కరెంటు పోయినా ఆ పూట పోయినట్టే. "రాత్రి కంచం కడిగి బోర్లించగానే బల్ల దగ్గర పెట్టె తెరుస్తాను" అనుకుంటే, ఎన్నింటికి తిన్నా ముడి విడిపోదు. పెట్టెను మధ్యాహ్నమే బల్ల మీదికి చేర్చండి, కాగితం, పెన్ను పక్కన పెట్టండి. ఫోన్ సైలెంట్‌లో ఉంటే చాలదు, వేరే గదిలో ఉండాలి.

పది నిమిషాలకు అలారం పెట్టండి. మోగాక లేవచ్చు. లేవచ్చంటే నిజంగా లేవచ్చు. "ఇంకాస్త" అని బలవంతం చేస్తే మర్నాడు ఈ పది నిమిషాల మాటను మనసు నమ్మదు. అలవాటు పడ్డాక 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అనే పొమొడొరో పద్ధతి బాగా పనికొస్తుంది. విరామంలో నీళ్లు తాగండి, వాకిట్లో నడవండి. రీల్స్ తెరిస్తే అయిదు నిమిషాలు అయిదుగా ఉండవు.

పొందూరు సన్న ఖద్దరు తయారీని దగ్గర్నుంచి చూస్తే పెద్ద పనిని ముక్కలు చేయడమంటే ఏమిటో తెలుస్తుంది. గింజతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు, ఆ సన్నటి పళ్లకు పోగులు సాపవుతాయి. గింజ తీస్తారు, దూది ఏకుతారు, ఏకులు చుట్టి అరటి దొప్పలో దాచుకుంటారు, ఒక్కో ఏకూ తీసి వడుకుతారు. పంచె ఎక్కడో చివర్న ఉంది. చేతిలో ఉన్నది మాత్రం ఎప్పుడూ గుప్పెడు పత్తే, దానికి మొదలూ చివరా కంటికి కనిపిస్తాయి.

ఇక మన ఆరంభశూరత్వం సంగతి. పనులు ఎక్కువగా మధ్యలోనే చచ్చిపోతాయి. చిక్కుముడి దగ్గర విసిగి లేచిపోతే మర్నాడు ఆ ముడి దగ్గరకే తిరిగి రావాలి, అందుకే రాబుద్ధి కాదు. తర్వాతి అడుగు తెలిసినచోట ఆగండి, లేచేముందు "రేపు: మరణ ధ్రువపత్రం రెండు జిరాక్సులు" అని పైనే రాసి లేవండి. ఇతరుల వల్ల ఆగిన పనికి వేరే కాగితం పెట్టండి: ఎవరి దగ్గర ఆగింది, మళ్లీ ఏ తేదీన అడగాలి. అది లేకే చాలా దరఖాస్తులు నెలలకొద్దీ మరుగునపడతాయి. ఒక రోజు తప్పితే పరవాలేదు, రెండోరోజు మాత్రం రెండు నిమిషాలైనా కూర్చోండి.

గడువు వేసేటప్పుడు అన్నీ సవ్యంగా సాగుతాయన్నట్టే లెక్కేస్తాం. సైకాలజిస్టులు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే ఈ పొరపాటును గుర్తించారు. ఇలాంటి పనికి పోయినసారి నిజంగా ఎన్ని రోజులు పట్టిందో అదే లెక్క. పాత లెక్క లేకపోతే మీ అంచనాకు సగం కలపండి. అక్టోబరులో గడువు పెట్టుకునే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్లు తుపాను రోజులూ కలుపుకోవాలి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు కరెంటు లేని రోజులు అక్కడ అందరికీ గుర్తే.

ఒక్క మాట. వారాల తరబడి ఏ పని మీదా మనసు లేకపోయి, నిద్రా ఆకలీ తగ్గితే, దాన్ని వాయిదా అలవాటని తీసిపారేయొద్దు. మానసిక ఆరోగ్య సలహాలిచ్చే టెలీ మానస్ ఉచిత నంబరు 14416కి ఫోన్ చేయండి, లేదా డాక్టరును కలవండి.

పని అయిపోవడమంటే ఏమిటో మొదటిరోజే, గడువుతో పాటు కాగితం మీద రాసిపెట్టాలి. మ్యుటేషన్‌కు దరఖాస్తు ఇచ్చి రసీదు తెచ్చుకోగానే చాలామందికి పట్టు సడలుతుంది. "కొత్త పాసుపుస్తకం చేతికొచ్చి, పేరు, సర్వే నంబర్లు సరిచూసుకున్నాక" అని రాసుకుంటే ఆ జారుడు ఉండదు. వ్యాసమో ప్రాజెక్టు రిపోర్టో అయితే ఆఖర్న దిద్దడానికి హద్దు పెట్టండి: రెండుసార్లు చదవడం, మూడోసారి లేదు. ఎవరికైనా ఫలానా రోజున ఫలానాది చూపిస్తానని మాటివ్వండి: "ఆదివారం సాయంత్రం అక్కకు రసీదు చూపిస్తాను." అయిపోయాక ఆ కాగితం పారేయకండి. మొదట వేసిన గడువు పక్కన, నిజంగా పట్టిన రోజులు రాసి అదే ఫైల్లో పెట్టండి. వచ్చేసారి గడువు వేసేటప్పుడు ముందుగా తీసేది ఆ కాగితమే.