గుర్రపు లద్దె గరికకు వేసే ముందు కుప్పలో బాగా కాగనివ్వండి

మాది మొయినాబాద్ వైపు. నాలుగు గుర్రాలు, రెండెకరాల గరిక. మొదటి ఏడాది పొద్దున సాల ఊడ్చిన లద్దెను పచ్చిగానే తీసుకెళ్లి గరికలో చల్లేశాం. నెల తిరక్కముందే గడ్డి పసుపు తిరిగింది, లద్దె పడ్డ చోట గుర్రాలు మూతి కూడా పెట్టలేదు, పైగా లద్దె పరీక్ష చేయిస్తే పురుగు గుడ్లు మునుపటికన్నా ఎక్కువే ఉన్నాయన్నారు.

కారణం తెలిశాక ఎంత పొరపాటు చేశామో అర్థమైంది. లద్దెలోని గుడ్లు తడికి పొదిగి, పిల్ల పురుగులు గడ్డి మీదికి పాకుతాయి, గుర్రం మేస్తే మళ్లీ దాని కడుపులోకే పోతాయి. సాలలో పరిచే రంపపు పొట్టు పచ్చిగా నేలలో పడితే, అది కుళ్లేటప్పుడు గడ్డికి అందాల్సిన నత్రజనిని లాక్కుంటుంది. ఈ రెంటికీ మందు ఒకటే, కుప్పలో బాగా కాగి మాగడం.

ఒక గుర్రం రోజుకు దాదాపు 20 కిలోల లద్దె వేస్తుంది కాబట్టి సరుకుకు కొదవ ఉండదు. బావికీ చెరువుకీ దూరంగా, నీళ్లు నిలవని మెరక మీద కుప్ప పోయండి. ఎత్తు, వెడల్పు కనీసం నాలుగడుగులు ఉండాలి, చిన్న కుప్పలో వేడి నిలవదు. పిడికెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. మన ఎండలకు కుప్ప తొందరగా ఎండిపోతుంది, అందుకని వేసవిలో నీళ్లు చల్లి గోనెలు కప్పండి, వానల్లో టార్పాలిన్ వేయండి. ముక్కు మండే ఘాటు వస్తే వరిగడ్డి కలపండి, కుళ్లు కంపు కొడితే తడి ఎక్కువైనట్టే, వెంటనే తిరగేయండి.

లోపల 55 నుంచి 65 డిగ్రీల వేడి పుట్టాలి, అప్పుడే పురుగు గుడ్లూ, మేతతో వచ్చిన వయ్యారిభామ విత్తనాలూ చస్తాయి. థర్మామీటర్ లేకపోతే ఇనుప చువ్వ మధ్యకు గుచ్చి పది నిమిషాలాగి తీయండి, చేత్తో పట్టుకోలేనంతగా కాలితే బాగా పని జరుగుతున్నట్టే. ఈ వేడి కనీసం 15 రోజులు ఉండాలి, ఆ లోపు ఐదుసార్లు తిరగేయాలి, ప్రతిసారీ బయటి అంచులు లోపలికి పోవాలి, ఎందుకంటే అంచుల్లో వేడి తగలని గుడ్లు అలాగే బతికి ఉంటాయి. నడుం నొప్పి పుట్టించే పనే, కానీ ఇక్కడ బద్ధకిస్తే మిగతా కష్టమంతా వృథా. తర్వాత రెండు మూడు నెలలు మాగనివ్వండి, రంపపు పొట్టు ఎక్కువుంటే ఆరు నెలలు. కుప్ప సగానికి కుంగి, నల్లగా పొడిపొడిగా, వాన పడ్డ మట్టి వాసన వస్తే సిద్ధమైనట్టు. నేనైతే ఒక కుండీలో కొంచెం పోసి పెసలు చల్లి చూస్తాను. కలుపు మొలిస్తే కుప్ప సరిగా కాగలేదని, పెసల ఆకులు వంకర్లు తిరిగితే మేత మీద కొట్టిన కలుపు మందు మిగిలి ఉండొచ్చని అనుమానించాలి.

ఎకరానికి ఐదు టన్నులు, అంటే మా ట్రాలీతో రెండు, చాలు. తొలకరి పడి నేల మెత్తబడ్డాక, మేపు అయిపోయిన గడ్డి మీద పలుచగా చల్లి పళ్ల పారతో చెదరగొట్టండి, గడ్డి కొసలు పైకి కనిపించాలి. గట్టి వాన వచ్చేలా ఉంటే ఆగండి, ఎరువంతా వాగుపాలవుతుంది. యూరియా వేసినట్టు వారంలో పచ్చబడదు, ఇందులోని నత్రజని నెమ్మదిగా ఏళ్ల తరబడి అందుతుంది.

మూడు నాలుగు వారాలు గుర్రాలను అందులోకి వదలకండి. ఊళ్లో గొర్రెలో ఆవులో ఉంటే ముందు వాటిని మేపించండి, గుర్రపు పురుగుల్లో చాలావరకు వాటికి సోకవు, మేతతో పాటు మింగినా అక్కడే చస్తాయి.

లద్దెలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి, కాబట్టి చేతికి గ్లవ్స్, కాళ్లకు బూట్లు వేసుకోండి, పని చేసేవాళ్లందరికీ ధనుర్వాతం టీకా వేయించండి.