నిద్ర పాఠాలు – 3: మంచం మీద గడిపే గంటలు తగ్గించడం

మొదటి పాఠంలో మొదలుపెట్టిన నిద్ర లెక్క, అంటే రోజూ ఎన్నింటికి పడుకున్నారు, ఎంతసేపు నిద్రపోయారు, ఎన్నింటికి లేచారు అని రాసుకునే పట్టిక, ఈపాటికి ఏడు రాత్రులు పూర్తయి ఉండాలి. కాకపోతే ఈ పాఠం పక్కన పెట్టి ముందు అది ముగించండి. ఇవాళ చేసేదంతా ఆ అంకెల మీదే నడుస్తుంది. ఉజ్జాయింపుగా చేస్తే ఫలితం రాదు, పైగా పద్ధతి మీదే నమ్మకం పోతుంది.

నిద్ర పట్టనివాళ్లలో చాలామంది చేసే పని ఒకటుంది. నిన్న సరిగ్గా పట్టలేదని ఇవాళ తొమ్మిదిన్నరకే పక్క ఎక్కుతారు. తెల్లవారుజామున పట్టిన కునుకు వదులుకోలేక ఏడున్నర దాకా లేవరు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ నాలుగు రోజుల్లో పోవలసిన నిద్రలేమిని నెలల తరబడి సాగదీసేది ఎక్కువగా ఈ అలవాటే.

కారణం ఇది. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. అది పెరిగేకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. ఆరింటికి లేచి పదకొండుకు పడుకునేవారికి పదిహేడు గంటల మెలకువ కూడబెట్టి ఉంటుంది. ఏడున్నరకు లేచి తొమ్మిదిన్నరకు పడుకునేవారికి పద్నాలుగే. మధ్యలో సోఫాలో ఓ ముప్పావుగంట కునుకు తీస్తే అదీ తరుగుతుంది. సాయంత్రం బజ్జీలు తిన్నవారికి రాత్రి అన్నం సహించదు కదా, ఇదీ అంతే. రెండో నష్టం ఇంకా పెద్దది. రోజూ గంటలకొద్దీ మంచం మీద దొర్లుతూ అప్పుల గురించో, పిల్లల పెళ్లిళ్ల గురించో ఆలోచిస్తే, మంచం చూడగానే మెలకువ రావడం శరీరానికి అలవాటైపోతుంది. హాల్లో టీవీ ముందు కళ్లు మూతలు పడుతుంటాయి. పక్క మీద వాలగానే మత్తు ఎగిరిపోతుంది. మీకూ ఇలా జరుగుతుంటే ఈ పాఠం మీకోసమే.

దీనికి విరుగుడుగా రెండు పద్ధతులున్నాయి. పడకను నిద్రకే పరిమితం చేయమని 1972లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ బూట్జిన్ చెప్పారు. పడక మీద గడిపే సమయాన్నే కుదించమని 1987లో అక్కడివారే అయిన నిద్ర పరిశోధకుడు ఆర్థర్ స్పీల్‌మన్ బృందం చెప్పింది. రెండూ కలిపి చేద్దాం.

ముందు ఎవరు చేయకూడదో చూడండి. బైపోలార్ జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు, నిద్రలో నడిచేవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టవద్దు. లారీ, బస్సు, ఆటో నడిపేవాళ్లు, యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లు కూడా అంతే. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతోందని పక్కవాళ్లు చెబితే ఆ సంగతి ముందు తేల్చుకోవాలి. ఆందోళన తగ్గడానికి ఇచ్చే ఆల్ప్రజోలమ్ లాంటి మాత్రలు రోజూ వేసుకునేవాళ్లు వాటిని సొంతంగా ఆపేయవద్దు. ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు.

ఇక లెక్క. ఒక గృహిణి పట్టిక చూద్దాం. పదింటికి పడుకుని ఆరింటికి లేస్తారు. అంటే మంచం మీద 480 నిమిషాలు. ఏడు రాత్రుల సగటున నిజంగా నిద్రపోయింది 5 గంటల 45 నిమిషాలు, అంటే 345 నిమిషాలు. 345ను 480తో భాగించి 100తో గుణిస్తే దాదాపు 72 వస్తుంది. ఇదే నిద్ర శాతం. 85 దాటితే బాగున్నట్టు. ఈవిడ రోజూ రెండు గంటలకు పైగా మంచం మీద మేలుకునే ఉంటున్నారు.

నిద్రపోయిన సగటుకు ఒక పావుగంట కలపండి. ఈవిడకు ఆరు గంటలు వస్తుంది. ఎంత తక్కువ వచ్చినా అయిదున్నర గంటల కిందికి మాత్రం దిగవద్దు. లేచే వేళ ముందు ఖాయం చేసి, అక్కడినుంచి వెనక్కి లెక్కించాలి. పిల్లల క్యారేజీ కోసం ఆరుకు లేవక తప్పదు కాబట్టి ఈవిడ పడుకునే వేళ రాత్రి పన్నెండు. ఆదివారమైనా, పండగైనా, రాత్రి రెండింటికి నిద్ర పట్టినా లేచేది ఆరింటికే. మిగతావి కాస్త అటూ ఇటూ అయినా నడుస్తుంది కానీ ఇది మాత్రం తప్పకూడదు.

అందరూ తడబడేది పది నుంచి పన్నెండు మధ్యే. ఆ రెండు గంటలు ఏం చేయాలో పగలే రాసిపెట్టుకోండి. కందిపప్పు ఏరడం, జాకెట్టుకు హుక్కులు కుట్టడం, రేపటి బట్టలు ఇస్త్రీ చేయడం, పత్రిక చదవడం. చేతులు కదలాలి, నడుం మాత్రం వాలకూడదు. దివాన్ మీద ఒరిగి టీవీ చూస్తే పదిన్నరకే కునుకు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలే పన్నెండింటి నిద్రను పాడుచేస్తాయి. ఫోన్ వద్దు.

పన్నెండయినా నిద్రమత్తు లేకపోతే ఇంకాసేపు ఆగండి. అలసట వేరు, నిద్రమత్తు వేరు. ఒళ్లు నొప్పులుండి బుర్ర పరుగులు పెడుతుంటే అది అలసట. రెప్పలు బరువెక్కి, తల ముందుకు తూలి, చదివిన వాక్యమే మళ్లీ చదువుతుంటే అది మత్తు. మంచం ఎక్కాల్సింది అప్పుడే.

పడుకున్నాక ఇరవై నిమిషాలైనా పట్టలేదనిపిస్తే లేచిపోండి. గడియారం చూడకుండా అంచనా వేసుకోవాలి. దాన్ని గోడవైపు తిప్పేస్తే మరీ మంచిది. ఒకే గది ఇల్లయితే గోడ పక్కన కుర్చీ చాలు. చాప మీద పడుకునేవారికి ఆ చాపే మంచం కనుక, దాని మీంచి లేచి వేరేచోట కూర్చోవాలి. జీరో బల్బు వెలుతురు సరిపోతుంది. మత్తు వచ్చాకే తిరిగి రండి. మళ్లీ పట్టకపోతే మళ్లీ లేవండి. మొదటి రాత్రుల్లో మూడు నాలుగు సార్లు లేవాల్సి రావచ్చు.

మొదటి వారం పగటిపూట తూగు వస్తుంది, విసుగు పుడుతుంది. పద్ధతి పనిచేస్తోందనడానికి అదే గుర్తు. కానీ ఆ రోజుల్లో బండి నడపకుండా బస్సెక్కండి. మూడో రోజో నాలుగో రోజో ‘ఇదివరకే నయం’ అనిపించి చాలామంది మానేసేదీ అప్పుడే. దయచేసి రెండు వారాలు ఓపిక పట్టండి. భోజనమయ్యాక తూగు వస్తే కూర్చోకుండా ఎండలోకి నడవండి.

వారం చివర మళ్లీ శాతం కట్టండి. 85 లేదా అంతకు మించి వస్తే పడుకునే వేళను పావుగంట ముందుకు జరపండి. పన్నెండు కాస్తా పదకొండు ముప్పావు అవుతుంది. 80కీ 85కీ మధ్య ఉంటే కదపవద్దు. 80 కంటే తక్కువైతే పావుగంట కోయండి, అయిదున్నర గంటల హద్దు గుర్తుంచుకుని. శాతం బాగుండి, పగలు తూగు రాకుండా పనులు సాగుతున్నాయంటే ఇక పెంచనక్కర్లేదు. అది ఏడు గంటలు కావచ్చు, ఆరున్నర కావచ్చు. ఎనిమిది రావాలని పట్టుబడితే మళ్లీ మొదటికొస్తారు.

వచ్చే పాఠానికి లెక్క పుస్తకంలో రెండు గడులు చేర్చండి: రాత్రి ఎన్నిసార్లు మంచం దిగారు, పగలు పొరపాటున ఎంతసేపు కునుకు పడింది. తెల్లవారుజామున మూడింటికి వచ్చే మెలకువ సంగతి నాలుగో పాఠంలో చూద్దాం. దానికి ఈ రెండు గడులూ కావాలి.