టాంపాలో ఇల్లు ఖాయం చేసుకునే ముందు నీళ్ల సంగతి చూసుకోండి

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని టాంపాకు మారుతున్న మనవాళ్లు ఇంటి గురించి అడిగే ప్రశ్నలు ఎప్పుడూ అవే. స్కూల్ రేటింగ్ ఎంత, ఇండియన్ స్టోర్ ఎంత దూరం, ఆఫీసుకు ఎన్ని నిమిషాలు, చుట్టుపక్కల తెలుగువాళ్లు ఉన్నారా. అన్నీ అడగాల్సినవే. కానీ ఆ ఇల్లు ఏ ఎవాక్యుయేషన్ జోన్‌లో (తుపానుకు ఖాళీ చేయించే ప్రాంతంలో) ఉందని, ఆ నేల ఎంత ఎత్తులో ఉందని నన్ను ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. బ్యాంకు ఖాతా, సోషల్ సెక్యూరిటీ, లైసెన్సు గురించి మీకు ఎవరైనా చెబుతారు. నేను నీళ్ల గురించే చెబుతాను.

మొన్నామధ్య తెనాలి వైపు నుంచి ఒక జంట వచ్చారు. వెస్ట్‌షోర్ దగ్గర అపార్ట్‌మెంట్ చూసుకున్నారు. వరండాలో నిలబడితే బే, అంటే సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన అఖాతం, కనిపిస్తుంది, ఆఫీసు పక్కనే. అమ్మాయి కడుపుతో ఉంది, మెట్లు ఎక్కే బాధ ఉండదని కింది అంతస్తే తీసుకున్నారు. లీజ్ మీద సంతకాలయ్యాక ఫోన్ చేసి అడ్రస్ చెప్పారు. చూస్తే జోన్ ఏ (A). తుపాను వస్తోందంటే కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్లు మొట్టమొదట ఖాళీ చేయమనేది ఆ జోన్‌నే. ఆ సంగతి చెబితే అబ్బాయి, "ఇక్కడ బీచ్ లేదు కదన్నా, ఇది బే కదా" అన్నాడు. ఆ మాట విన్నాకే ఇది రాయాలనిపించింది.

బే అయితే ఏమవుతుందో చెబుతాను. టాంపా బే లోతు తక్కువ. బయట గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్రంలో కూడా తీరం నుంచి చాలా దూరం వరకు లోతు పెద్దగా ఉండదు. తుపాను గాలి నీళ్లను లోపలికి తోస్తే, అవి వెళ్లడానికి చోటు లేక పైకి లేస్తాయి. 2024 సెప్టెంబరు 26న హెలీన్ తుపాను టాంపాలో తీరం దాటలేదు. వంద మైళ్లకు పైగా దూరంలో, సముద్రం మీదుగానే ఉత్తరానికి వెళ్లి, ఫ్లోరిడా తీరం వంపు తిరిగే బిగ్ బెండ్ దగ్గర తీరం దాటింది. అయినా ఆ రాత్రి టాంపా బేలో నీళ్లు మామూలు పోటు మట్టం కంటే ఆరడుగులకు పైగా లేచాయి. డేవిస్ ఐలాండ్స్, సౌత్ టాంపాలోని పల్లపు వీధులు, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో షోర్ ఏకర్స్, అన్నీ మునిగాయి. డేవిస్ ఐలాండ్స్‌లోని పెద్దాసుపత్రి చుట్టూ ముందే అడ్డుగోడ కట్టుకున్నారు కాబట్టి అది నిలబడింది. ఇళ్లకు అలాంటి గోడ ఎవరు కడతారు? ఇది ఉప్పెన. 1977లో దివిసీమకు ఏం జరిగిందో పెద్దవాళ్ల దగ్గర విని కూడా మనవాళ్లు ఇక్కడికొచ్చి గాలి గురించే భయపడతారు, నీళ్లను వదిలేస్తారు.

రెండు వారాలు తిరక్కుండానే, అక్టోబరు 9న మిల్టన్ వచ్చింది. అది బే కన్నా దక్షిణంగా సియెస్టా కీ దగ్గర తీరం దాటడంతో గాలి నీళ్లను బయటికి లాగేసింది, బేలో ఉప్పెన రాలేదు. కానీ వాన కొట్టింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 18 అంగుళాలకు పైగా పడింది. నార్త్ టాంపాలో, సముద్రానికి ఎక్కడో దూరంగా ఉన్న ఫారెస్ట్ హిల్స్ లాంటి చోట్ల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. గాలివాన వెళ్లిపోయాక కూడా హిల్స్‌బరో, అలఫియా నదులు పెరుగుతూనే ఉన్నాయి. "మాది ఫ్లడ్ జోన్ కాదు" అని ఇన్సూరెన్స్ తీసుకోనివాళ్లు అక్కడ ఎందరో.

అందుకే చూడాల్సిన మ్యాపులు రెండు. దయచేసి వాటిని కలిపేయకండి. మొదటిది కౌంటీ ఇచ్చే ఎవాక్యుయేషన్ జోన్: ఏ (A) నుంచి ఈ (E) దాకా ఉంటుంది, ఉప్పెన ఎంతవరకు రాగలదన్న లెక్కతో గీసింది. మీరు ఎప్పుడు ఇల్లు వదలాలో అది చెబుతుంది. రెండోది ఫెమా (విపత్తులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఫ్లడ్ జోన్: ఏఈ (AE), వీఈ (VE), ఎక్స్ (X) లాంటి అక్షరాలు ఉంటాయి. ఇన్సూరెన్స్‌కు, లోన్‌కు అది కావాలి. ఇల్లు ఎవాక్యుయేషన్ జోన్ ఏలో ఉండి ఫెమా మ్యాప్‌లో ఎక్స్‌లో ఉండొచ్చు. ఏజెంట్ "జోన్ ఎక్స్, నో ప్రాబ్లమ్" అనగానే సంబరపడిపోతారు. ఎక్స్ అంటే ముప్పు తక్కువని, అసలు లేదని కాదు. ఇక ఏఈ అంటే ఏటా ఒక్క శాతం ముప్పే కదా అని తేలిగ్గా తీసుకుంటారు. ముప్పై ఏళ్ల లోన్ మీద లెక్క వేస్తే అది 26 శాతం. ఇల్లు కొనేవాళ్లు ఈ లెక్క వేసుకున్నాకే కిచెన్ కౌంటర్ ఏ రాయో చూడండి.

నేను వచ్చిన కొత్తలో బేకు దగ్గరగా ఒక కాంప్లెక్స్‌లో ఉండేవాణ్ణి. ఇక్కడికి నీళ్లు ఎప్పుడూ రాలేదని లీజింగ్ ఆఫీసులో చెప్పారు. తుపాను కూడా కాదు, ఆగస్టు సాయంత్రం మామూలు ఉరుముల వాన పడితే పార్కింగ్‌లో పిక్కలదాకా నీళ్లు నిలిచేవి. చుట్టుపక్కలవాళ్లు మాట్లాడకుండా కార్లు తీసి రోడ్డవతల సూపర్‌మార్కెట్ దగ్గర పెట్టి వచ్చేవాళ్లు. ఆ నెలలు నాకు సరిగ్గా నిద్ర పట్టేది కాదు. మబ్బు పట్టిందంటే టెన్షన్. కొత్త ఉద్యోగం ఒకపక్క, ఇది ఒకపక్క.

కాబట్టి ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు గ్రానైట్, జిమ్, స్విమ్మింగ్ పూల్ తర్వాత చూసుకోవచ్చు. ముందు కింద చూడండి. గోడ అడుగున చెక్క పట్టీ ఒక గదిలో కొత్తగా, ఇంకో గదిలో పాతగా ఉందా? గోడకు నాలుగడుగుల ఎత్తున అడ్డంగా సన్నటి అతుకు కనిపిస్తోందా? నీళ్లొచ్చిన ఇళ్లలో తడిసిన డ్రైవాల్‌ను (ఇక్కడి గోడలకు వేసే జిప్సం పలకను) అంతవరకు కోసి కొత్తది వేస్తారు. ఎంత రంగు పూసినా పక్కనుంచి టార్చ్ వేస్తే ఆ గీత తెలుస్తుంది. సింక్ కింద అర తెరిచి వాసన చూడండి. బయట ఏసీ మెషీన్లు దిమ్మెల మీద ఎత్తుగా పెట్టి ఉంటే ఎందుకు పెట్టారో అడగండి. ఇంకో సంగతి, 2025 అక్టోబరు 1 నుంచి ఏడాది, అంతకు మించిన లీజుకు యజమాని తనకు తెలిసిన పాత వరదల గురించి రాతపూర్వకంగా చెప్పాలని ఫ్లోరిడా చట్టం తెచ్చింది. ఆ కాగితం ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. మొహమాటపడకండి.

ఏరియాల విషయానికొస్తే, మనవాళ్లు ఎక్కువగా వెళ్లే న్యూ టాంపా, వెస్లీ చాపెల్ ఉప్పెనకు దూరం. కానీ చిత్తడి నేలలూ చెరువులూ ఎక్కువ, కాబట్టి ఇంటి వెనక చెరువు ఎంత దగ్గరో చూసుకోండి. పొద్దున్నే బ్రూస్ బి డౌన్స్ మీద, ఐ-275 మీద ట్రాఫిక్ తప్పదు. బ్రాండన్ కాస్త మెరక. రివర్‌వ్యూలో అలఫియాకు ఎంత దూరమో చూడండి. ఓల్డ్స్‌మార్ బే తలదగ్గర ఉంది, పల్లం. బే అవతల పినెల్లాస్ కౌంటీ వైపు ఉండి టాంపాలో ఉద్యోగమైతే రోజూ వంతెన దాటాలి, గాలి ఎక్కువైతే వంతెనలు మూసేస్తారు. ఒకే ఏరియాలో వీధి వీధికీ తేడా ఉంటుంది, అందుకని ఏరియా పేరు విని నిర్ణయించకండి, అడ్రస్ కొట్టి చూడండి.

అద్దెకుండేవాళ్లకు ఇన్సూరెన్స్ గురించి గట్టిగా చెప్పాలి. రెంటర్స్ ఇన్సూరెన్స్‌లో వరద రాదు. మళ్లీ చెబుతున్నాను, రాదు. ఫ్లడ్ ఇన్సూరెన్స్ వేరే తీసుకోవాలి. ప్రభుత్వ పథకంలో మీ సామానుకు లక్ష డాలర్ల దాకా కవర్ చేసుకోవచ్చు, కానీ మామూలుగా 30 రోజులు ఆగితేనే అది మొదలవుతుంది. టీవీలో తుపాను బొమ్మ కనిపించాక కొంటే ఆ తుపానుకు పనికిరాదు. సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా, ఉధృతి సెప్టెంబరులో. మాస్టర్స్‌కు వచ్చే పిల్లలు ఆగస్టులో దిగుతారు, అంటే సరిగ్గా దాని ముందు. కారుకు కాంప్రిహెన్సివ్ ఉంటే వరద నష్టం వస్తుంది. ఎలక్ట్రిక్ కారు ఉంటే దాన్ని ముందే మెరకకు చేర్చండి. హెలీన్ తర్వాత ఉప్పునీళ్లలో మునిగినవి అంటుకున్నాయి. పాస్‌పోర్టులు, ఐ-797లు (వీసా అప్రూవల్ కాగితాలు), ఒరిజినల్ డిగ్రీ సర్టిఫికెట్లు ఒకే ప్లాస్టిక్ కవర్లో, చేతికి అందేలా ఉంచండి. మంచం కింద సూట్‌కేసులో మాత్రం పెట్టకండి.

ఇంత చదివి టాంపా వద్దులే అనుకుంటున్నారేమో, అలా చేయకండి. ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను: ఊరు బాగుంటుంది, చలి లేదు, రాజగోపురంతో గుడి ఉంది, మనవాళ్లు ఉన్నారు. తుపాను భూకంపంలా చెప్పకుండా రాదు, రోజుల ముందే తెలుస్తుంది. ఖాళీ చేయమంటే వందల మైళ్లు పరుగెత్తక్కర్లేదు, జోన్ బయట గట్టి ఇంట్లో ఉన్న స్నేహితుడి దగ్గరికి వెళితే చాలు. జోన్ ఏలో ఉన్నా రెండో అంతస్తులో ఉంటూ, వెళ్లమన్నప్పుడు వెళ్లిపోతే మీకేం కాదు. ఇక్కడ ఫస్ట్ ఫ్లోర్ అంటే మన గ్రౌండ్ ఫ్లోరేనని గుర్తుపెట్టుకుని, సెకండ్ ఫ్లోర్ అడగండి. తెనాలి జంటకు కూడా అదే చెప్పాను. ఆఫీసులో అడిగితే అదే కాంప్లెక్స్‌లో పై అంతస్తు ఖాళీ అయినప్పుడు ఇస్తామన్నారు, లిఫ్ట్ ఉన్న బిల్డింగ్‌లోనే.

ఇంకా తేల్చుకోలేకపోతే, సంతకం పెట్టకముందే ఇక్కడ కొన్నేళ్లుగా ఉంటున్న ఎవరికైనా అడ్రస్ పంపండి. ఫొటోలు అక్కర్లేదు. వీధి పేరు, ఇంటి నంబరు, ఏ అంతస్తో చెబితే చాలు.