అరిజోనా ఎడారి శివార్లలో కార్చిచ్చు కాలం: ఇప్పుడే చూసుకోవలసినవి

ఎడారిలో కాలడానికి ఏముంటుందని అనుకోవద్దు. 2020 జూన్‌లో ఫీనిక్స్ సమీపంలోని టోంటో అడవిలో ఒక వాహనం నుంచి అంటుకున్న మంట సుమారు 1,93,000 ఎకరాలను దహించింది.

• ఇక్కడ కార్చిచ్చు హెచ్చరికలు మూడు మెట్లలో వస్తాయి: ‘రెడీ’ (ముందే సిద్ధపడండి), ‘సెట్’ (ఏ క్షణమైనా బయలుదేరేలా ఉండండి), ‘గో’ (వెంటనే వెళ్లిపోండి). ‘గో’ హెచ్చరిక వచ్చేదాకా ఆగవద్దు. ఇంట్లో పసిపిల్లలు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఉంటే ‘సెట్’ అనగానే బయలుదేరండి. ఒకే దారి ఉన్న కాలనీలో అందరూ ఒక్కసారిగా కదిలితే కార్లు ఆగిపోతాయి, మంట ఆగదు.

• గ్యారేజీ తలుపును కరెంటు లేకుండా ఈరోజే తెరిచి చూడండి. సాధారణంగా పైన ఎర్ర పిడితో ఒక తాడు వేలాడుతుంది. దాన్ని లాగితే మోటారు విడిపోయి, తలుపును చేత్తో ఎత్తవచ్చు. పొగలో, చీకట్లో ఆ తాడును వెతుక్కునే పరిస్థితి ఎవరికీ వద్దు.

• పెరట్లో బఫెల్ గడ్డి ఉంటే వేళ్లతో సహా పీకండి. సగువారో కాక్టస్‌ల మధ్య బోసి నేలే ఒకప్పుడు మంటకు అడ్డుకట్ట. ఈ పరాయి గడ్డి ఆ ఖాళీలన్నీ నింపేసింది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే కాలిన సగువారో మళ్లీ అంత ఎదగడానికి మనిషి జీవితకాలం చాలదు.

• గోడల చుట్టూ ఐదు అడుగుల మేర ఎండుటాకులు, కట్టెలు ఉంచవద్దు. చాలా ఇళ్లు ఎగిరివచ్చిన నిప్పురవ్వలతోనే అంటుకుంటాయి.

• పొగ కమ్మితే నీటి కూలర్ ఆపేయండి. అది బయటి గాలినే లోపలికి లాగుతుంది.

• పాస్‌పోర్టులు, వీసా పత్రాల అసలు ప్రతులు, మందులు ఒకే సంచిలో తలుపు పక్కనే ఉంచండి.